ర్యాప్ పాటను గళ్ల కాగితం మీదికి దించడం: ప్రాజెక్టు డైరీ

ర్యాప్ పాట విని, దాని మాటలను వివరణతో సహా తెలుగు పాఠకుల ముందు పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. మా చదువరుల గుంపు తీసుకున్నది ఒకే పాట: గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ అనే అమెరికా బృందం పేరుతో 1982 జులైలో షుగర్‌హిల్ రికార్డ్స్ విడుదల చేసిన ‘ద మెసేజ్’. నిడివి 7 నిమిషాల 11 సెకన్లు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన 50 రికార్డింగుల మొదటి జాబితాను, 2002 సంవత్సరానికిగాను, 2003 జనవరిలో ప్రకటించింది. వాటిలో ఉన్న హిప్‌హాప్ (ర్యాప్ భాగంగా ఉన్న సంగీత సంస్కృతి) పాట ఇదొక్కటే.

ఒక్క పాటకు ఇంత శ్రమ ఎందుకంటే, ర్యాప్ మాటలను కాగితం మీద పెట్టడం పైకి కనిపించేంత తేలిక కాదు. 2010లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ పెద్ద ర్యాప్ సంకలనం వేసినప్పుడు, విని రాసిన మాటల్లో చాలా తప్పులున్నాయని విమర్శకులు వరసగా చూపించారు. అది పుస్తకం కాబట్టి పోయింది పరువే. అమెరికా కోర్టుల్లో ర్యాప్ మాటలను సాక్ష్యంగా చదివినప్పుడు మనుషుల జీవితాలే పోతున్నాయి. ఆ సంగతి ఆరో దశలో ఉంది. మొదటి ఐదు దశలూ దానికి అవసరమైన సరంజామా.

దశ 1: టెంపో కొలవడం

పరికరాలు: ఆడాసిటీ (ధ్వనిని తరంగాల బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్), చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, గళ్ల నోటుపుస్తకం, లిబ్రేఆఫీస్ కాల్క్ (లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్).

ర్యాప్‌లో లెక్కకు మూలం బారు. బారుకు నాలుగు బీట్లు, ఒక్కో బీట్‌లో నాలుగు గళ్లు, మొత్తం 16 గళ్లు. బీట్లు 1, 5, 9, 13 గళ్లలో పడతాయి. వాటిలో 5, 13 స్నేర్ డ్రమ్ దెబ్బలు. ఏ అక్షరం ఏ గడిలో పడిందో రాయడమే మా పని.

మొదట ఫోన్‌లో ట్యాప్ యాప్ పెట్టి, వేలితో తాళం వేసి టెంపో, అంటే పాట వేగం, పట్టాం. నిమిషానికి 100 బీట్లు చూపించింది. అంటే గడికి 0.15 సెకను, బారుకు 2.4 సెకన్లు. గుండ్రటి అంకెలు కదా అని వాటితోనే గళ్లు గీశాం. మొదటి బార్లు బాగానే కుదిరాయి. పదహారో బారుకు వచ్చేసరికి స్నేర్ మీద పడాల్సిన అక్షరాలు రెండు గళ్లకు పైగా పక్కకు జరిగిపోయాయి.

కారణం చిన్నదే. అసలు టెంపో 101 దగ్గర ఉంది. బారుకు 2.4 కాదు, 2.376 సెకన్లు. 16 బార్లకు తేడా 0.38 సెకను, అంటే రెండున్నర గళ్లు. వేలితో పట్టిన టెంపో డాన్సుకు సరిపోతుంది, అక్షరాలు దించడానికి చాలదు.

మార్చిన పద్ధతి:

1. మొదటి బీట్ సమయాన్ని తరంగం బొమ్మలో పెద్దది చేసి చూసి రాసుకోండి.
2. 65వ బీట్ సమయం కూడా అలాగే రాసుకోండి.
3. రెండింటి తేడాను 64తో భాగిస్తే బీట్ నిడివి వస్తుంది. దాన్ని 4తో భాగిస్తే గడి నిడివి.
4. ప్రతి 16 బార్లకూ ఒక బీట్‌ను కొత్తగా గుర్తించి, లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తప్పు పేరుకుపోదు.

ఇప్పటిదాకా: 16 బార్లు, 256 గళ్లు. పాట మొత్తం దాదాపు 180 బార్లు.

దశ 2: చెవితో రాయడం

ఇంటర్నెట్‌లో దొరికే లిరిక్స్ చూసి మొదలుపెట్టొద్దు. ఒకసారి కళ్లకు కనబడిన మాటే తర్వాత చెవికి వినబడుతుంది. మాలో ఇద్దరు చూసి విన్నారు, ఇద్దరు చూడకుండా విన్నారు. చూసినవాళ్లకు అనుమానమే రాలేదు. చూడనివాళ్లు ఆగి, మళ్లీ విని, ప్రశ్నార్థకాలు పెట్టారు. ఆ ప్రశ్నార్థకాలే మాకు ఉపయోగపడ్డాయి.

1. ఆడాసిటీలో ఛేంజ్ టెంపోతో వేగాన్ని 30 శాతం తగ్గించండి. ఛేంజ్ స్పీడ్ వాడితే గొంతు బొంగురుపోయి హల్లులు కలిసిపోతాయి.
2. పాట నడుస్తుండగా కంట్రోల్, ఎం నొక్కితే ఆ క్షణం దగ్గర లేబుల్ పడుతుంది. నొక్కి పడిన అక్షరాలకు మాత్రమే లేబుళ్లు పెట్టండి.
3. లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా దించితే సమయాలన్నీ వరసలో వస్తాయి. కాల్క్‌లో మొదటి బీట్ సమయం తీసేసి, గడి నిడివితో భాగించండి.
4. వేగం తగ్గించిన ఫైలు మీద పెట్టిన సమయాలను 0.7తో గుణించడం మరవొద్దు.
5. ఇద్దరు విడివిడిగా రాసినది ఒకటైతేనే ఖాయం. కాకపోతే రెండు పాఠాలూ ఉంచండి.

అయిదో సూచన మీద చాలాసేపు వాదించుకున్నాం. మాలో ఉన్న తెలుగు మేష్టారు ప్రాచీన కావ్యాల పరిష్కరణ దగ్గరగా చూసినవారు. “పాఠాంతరం దాచేవాడు పరిష్కర్త కాదయ్యా” అని ఆయన పట్టుబట్టారు. ఆ మాటే నిలిచింది. అచ్చు పేజీలో అనుమానపు మాట కింద చుక్కల గీత ఉంటుంది.

వ్యాకరణం సరిదిద్దకూడదన్నది ఇంకో నియమం. 1960లలో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో చేసిన పరిశోధన, నల్లవారి ఇంగ్లీషుకు దాని నియమాలు దానికి ఉన్నాయని గట్టిగా నిరూపించింది. గిడుగు రామమూర్తి పంతులు గారి పోరాటం తెలిసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. జనం నోట ఉన్న మాటను గ్రంథం కోసం “బాగుచేస్తే” పోయేది ఆ జనమే.

చివరి చరణంలో స్వలింగ సంపర్కులను కించపరిచే మాట ఒకటుంది. తీసేద్దామని ఒకరు, చుక్కలు పెడదామని ఒకరు అన్నారు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, అది దూషణ అని, 1980ల వీధి భాషలో అది మామూలుగా చెలామణీ అయ్యిందని, అంతమాత్రాన ఒప్పు కాదని పక్కన రాశాం. పాట గొప్పదని ఒప్పుకోవడానికి అందులోని గాయాన్ని దాచాల్సిన పని లేదు.

ఇప్పటిదాకా: 16 బార్లు, అనుమానపు మాటలు 11.

దశ 3: గురులఘువులు పనిచేయలేదు

మాకు చేతిలో ఉన్న కొలత గురులఘువులే. ఇంగ్లీషు అక్షరాలకూ అవే పెట్టి చూశాం. దీర్ఘానికి, సంయుక్తాక్షరం ముందున్న దానికి రెండు మాత్రలు, మిగతా వాటికి ఒకటి. కాగితం మీద ముచ్చటగా ఉంది కానీ గళ్లతో పొంతన లేదు. గురువని రాసినవి అర గడిలో జారిపోతున్నాయి, లఘువని రాసినవి స్నేర్ మీద దిట్టంగా కూర్చుంటున్నాయి.

మా కుర్రాళ్లలో డ్రమ్స్ వాయించే అబ్బాయి దీన్ని తేల్చాడు. “మేష్టారూ, అక్షరం ఎంత పొడుగని కాదండీ, ఎంత గట్టిగా కొట్టాడన్నదే చూడాలి” అన్నాడు. తెలుగు ఛందస్సు కాలాన్ని కొలుస్తుంది. ఇంగ్లీషులో లయ నొక్కును బట్టి నడుస్తుంది. నొక్కు లేని అక్షరాలు మూడైనా సరే, రెండు నొక్కుల మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి.

మార్చినది: గురులఘువు గుర్తులు తీసేసి మూడు గుర్తులు పెట్టాం. నిండు చుక్క గట్టి నొక్కు, ఖాళీ చుక్క తేలిక అక్షరం, గీత నిశ్శబ్దం. ఖాళీ గడికి కూడా గుర్తు ఉండాలి. ఎక్కడ ఊరుకున్నాడన్నది కూడా రచనలో భాగమే.

ఇలా దించాక కనబడిన సంగతి: ఈ పాటలో అంత్యప్రాస ఎక్కువగా నాలుగో బీట్ చుట్టూ పడుతుంది. చెవి దాని కోసం ఎదురుచూడటానికి అలవాటుపడుతుంది. ఆ గొంతులోని అలసట, నిబ్బరం రెండూ చాలావరకు ఈ అమరికలోంచే వస్తున్నాయని గళ్లు చూశాకే మాకు అర్థమైంది.

దశ 4: తెలుగులో సాధన బారు

కొత్తగా చేరినవాళ్లకు ఇంగ్లీషు పాటతో గళ్లు నేర్పడం కష్టమైంది. మాటలు అర్థం చేసుకోవడంలోనే సగం ఓపిక అయిపోతోంది. అందుకని తెలుగులో సొంతంగా సాధన బార్లు రాశాం.

మొదట ముత్యాలసరం బాణీ ప్రయత్నించాం. మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల నడక అది. పద్నాలుగు మాత్రలకు పాదం ముగిసి, 16 గళ్ల బారులో రెండు గళ్లు మిగిలిపోయాయి. వాటిని నిశ్శబ్దంతో నింపితే నడక కుంటింది. సాగదీస్తే గురజాడ బాణీ చెడింది. వదిలేశాం.

తర్వాత మధురగతి రగడ తీసుకున్నాం. పాదానికి నాలుగు మాత్రల గణాలు నాలుగు, పైగా రగడల్లో అంత్యప్రాస ఉండాలి. 4 × 4 = 16. బారుకు సరిగ్గా సరిపోయింది. యతిని పక్కనపెట్టి, మాత్రలూ అంత్యప్రాసా మాత్రమే పాటించాం.

పొద్దున / నీళ్లకు / బిందెల / సందడి
అందరి / కన్నూ / గొట్టం / వెంబడి

ప్రతి గణం ఒక బీట్ మీద మొదలవుతుంది. గురువుకు రెండు గళ్లు, లఘువుకు ఒకటి. గళ్లు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం మాకు దొరకలేదు.

అయితే బీట్ పెట్టి చదివితే పిల్లల పాటలా వినిపించింది. గణం, బీట్ ప్రతిసారీ ఒకే చోట కలిస్తే వినేవాడికి ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. అందుకని పాదం మొత్తాన్ని రెండు గళ్లు ముందుకు జరిపాం. మొదటి గురువు కిందటి బారు 15, 16 గళ్లలో మొదలవుతుంది. ‘సందడి’ 11 నుంచి 14 దాకా పడుతుంది. తర్వాతి రెండు గళ్లలో రెండో పాదం మొదలైపోతుంది. ఒక్క మాట మార్చకుండానే పద్యం ర్యాప్ అయింది.

మీరూ చేయండి:

1. పాదాన్ని గళ్లలో సూటిగా పెట్టి బీట్‌తో చదవండి.
2. రెండు గళ్లు ముందుకు జరిపి చదవండి.
3. మూడు గళ్లు జరిపి చదవండి. ఇది కష్టం. వేగం నిమిషానికి 80 బీట్లకు దించండి.

దశ 5: పక్క గమనికలు

టీకా తాత్పర్యాల పద్ధతిలో ప్రతి మాటకూ అర్థం రాయడం మొదలుపెట్టి ఆపేశాం. పేజీ నిండిపోతోంది కానీ పాట తెలియడం లేదు. మాటకు కాకుండా సంఘటనకు గమనిక రాయాలని మార్చాం.

ఉదాహరణకు పాటలో రెండంకెల ద్రవ్యోల్బణం, స్టేషన్‌లో సమ్మె వల్ల పనికి వెళ్లలేకపోవడం వస్తాయి. అమెరికాలో వినియోగ ధరల ద్రవ్యోల్బణం 1979లో 11.3 శాతం, 1980లో 13.5, 1981లో 10.3. న్యూయార్క్ రవాణా కార్మికుల సమ్మె 1980 ఏప్రిల్ 1 నుంచి 11 దాకా జరిగింది. అంటే 1982లో వచ్చిన పాట లోపల 1980 ఉంది. విడుదల తేదీ చూసి గమనిక రాసేవాళ్లు ఇక్కడ తడబడతారు.

శిథిలమైన ఇళ్ల వర్ణనకు న్యూయార్క్ నగరంలో భాగమైన బ్రాంక్స్ చరిత్ర కావాలి. 1948లో పని మొదలైన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కాపురాలున్న పేటల మధ్యలోంచి వెళ్లింది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరింది. 1970, 1980ల మధ్య మంటలవల్ల, యజమానులు వదిలేయడంవల్ల బ్రాంక్స్‌లోని ఏడు సెన్సస్ ట్రాక్టుల్లో (జనగణన కోసం విడదీసిన చిన్న ప్రాంతాల్లో) 97 శాతానికి పైగా భవనాలు పోయాయి. ఆ బ్రాంక్స్‌లోనే, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో, 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ పెట్టిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన గమనిక, పాటలో మాట్లాడే ‘నేను’ ఎవరన్నది. రికార్డు మీద పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్. ఫ్లాష్ ఇందులో ఒక్క చరణం కూడా పాడలేదు. మాటల్లో చాలా భాగం డ్యూక్ బూటీగా పేరుపడ్డ ఎడ్ ఫ్లెచర్‌వి. ఆయనది బ్రాంక్స్ కాదు, న్యూజెర్సీలోని ఎలిజబెత్. పుట్టిన బిడ్డ జైలుకు చేరి చనిపోయేదాకా చెప్పే చివరి చరణం బృందంలోని మెలీ మెల్‌ది, అది అంతకుముందు 1979లోనే ఇదే బృందం మరో రికార్డులో వచ్చింది. పాట చివర బృందాన్ని వీధి మూలన పోలీసులు పట్టుకెళ్లే సంభాషణ ఉంది, అది నటన. ఒకే పాటలో ఇద్దరు రచయితలు, కనీసం రెండు కాలాలు, ఒక నాటకం. ఈ ‘నేను’ను ఒక మనిషి వాంగ్మూలంగా చదవడం కుదరదు.

ఇప్పటిదాకా: 64 బార్లు, 1,024 గళ్లు, అనుమానపు మాటలు 9. పుస్తకం, జిరాక్సులు కలిపి ఖర్చు 340 రూపాయలు.

దశ 6: కోర్టు కాగితం

న్యూజెర్సీలో 2005 నాటి కాల్పుల కేసు ఒకటుంది, స్టేట్ వర్సెస్ స్కిన్నర్. నిందితుడి నోటుపుస్తకాల్లో దొరికిన ర్యాప్ మాటలను ఒక డిటెక్టివ్ జ్యూరీకి (నేరం తేల్చే మామూలు పౌరుల బృందానికి) 13 పేజీల మేర చదివి వినిపించాడు. వాటిలో చాలావరకు కాల్పులకు ఎంతో ముందు రాసినవి. శిక్ష పడింది. 2014 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది తప్పని తేల్చింది. నేరానికీ ఆ మాటలకూ బలమైన, నిర్దిష్టమైన సంబంధం లేకపోతే వాటిని జ్యూరీ ముందు పెట్టకూడదంది. షెరీఫ్‌ను కాల్చానని పాడిన బాబ్ మార్లీ నిజంగా కాల్చాడని ఎవరూ అనుకోరు కదా అని కూడా తీర్పులో ఉంది. 2022లో కాలిఫోర్నియా ఏబీ 2799 చట్టం తెచ్చింది. సృజనాత్మక రచనను సాక్ష్యంగా తీసుకునే ముందు, దానివల్ల పక్షపాతం ఏర్పడే ప్రమాదాన్ని జడ్జి తూచి చూడాలన్నది దాని సారం.

దీని వెనక ఒక ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది. 1990లలో క్యారీ ఫ్రైడ్ అనే పరిశోధకురాలు హింస ఉన్న ఒక పాత జానపద పాట మాటలను జనానికి ఇచ్చింది. కొందరికి కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) పాటంది, కొందరికి ర్యాప్ అంది. ర్యాప్ అనుకున్నవాళ్లకు అవే మాటలు ఎక్కువ ప్రమాదకరంగా తోచాయి. 2016లో డన్‌బార్, క్యూబ్రిన్, స్క్యూరిచ్ చేసిన పరిశోధనలోనూ దాదాపు ఇదే తేలింది.

తెలుగులో ఇది ఎలా ఉంటుందో చూడాలని మేం దొంగ పాత్రతో రెండు పాదాలు రాశాం:

తాళం / కప్పను / మెల్లగ / తీసా
బీరువ / తలుపును / రెండుగ / కోసా

మొదటిసారి ఒక గుంపుకు “దొరికిన నోటుపుస్తకంలోని రాత” అని వట్టి మాటలు ఇచ్చాం. ఇంకో గుంపుకు “ర్యాప్ చరణం” అని గళ్లతో ఇచ్చాం. స్పందనలు వేరుగా వచ్చాయి, కానీ అవి దేనికీ పనికిరాలేదు. పేరు, అమరిక రెండూ ఒకేసారి మారాయి, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

రెండోసారి ఒక్కొక్కటే మార్చాం:

1. వట్టి మాటలు, మూడు పేర్లు: నోటుపుస్తకం రాత, ర్యాప్ చరణం, వీధి నాటకంలో దొంగ పాత్ర పాట.
2. ఒకే పేరు, రెండు అమరికలు: వట్టి మాటలు, గళ్లతో మాటలు.
3. చదివాక మార్కులు అడగొద్దు. “మీకు ముందుగా ఏ ప్రశ్న తోచింది?” అని ఒక్కటే అడగండి.

చిన్న గుంపు కాబట్టి శాతాలు వేయలేదు, మీరూ వేయొద్దు. కానీ ప్రశ్నలు స్పష్టంగా విడిపోయాయి. నోటుపుస్తకం అన్నవాళ్లు “ఎవరింట్లో, ఎప్పుడు?” అన్నారు. నాటకం అన్నవాళ్లు “తర్వాత పట్టుబడతాడా?” అన్నారు. ర్యాప్ అన్న కాగితానికి రెండు రకాల ప్రశ్నలూ వచ్చాయి. అదే పేరుతో గళ్లు చూపించినప్పుడు మాత్రం మాట ‘తీసా, కోసా’ల మీదికి మళ్లింది. ప్రాస కనబడితే రాసినవాడు ఎంచుకుని రాశాడన్నది కనబడుతుంది. వట్టి మాటల్లో అది ఒప్పుకోలులా ఉంటుంది. ‘కోసా’ అని ఎందుకు రాశాడంటే పైన ‘తీసా’ ఉంది కాబట్టి. కోర్టు కాగితంలో కొట్టుకుపోయేది ఈ కారణమే. లయ లేకుండా పోలీసు గొంతుతో చదివితే, చరణంలో ఉన్న పనితనం అంతా ఉద్దేశంగా మారిపోతుంది. నాకు ఈ విషయంలో తటపటాయింపు లేదు: బీట్ తీసేసిన ర్యాప్ పాఠాన్ని పాఠమనే అనకూడదు.

దశ 7: అచ్చు పేజీ

పై వరస గళ్లు, రెండో వరస మాటలు, మూడో వరస వంత. వంత వరస బుర్రకథ తెలిసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు: అసలు గొంతు వెనక పడే కేకలు, నవ్వులు, తిరిగి అనేవి అందులోకి వస్తాయి. కుడి అంచున సంఘటన గమనిక, దాని పక్కన ఆ సంఘటన జరిగిన ఏడు. అడ్డంగా తిప్పిన ఏ4 కాగితానికి నాలుగు బార్లే పట్టాయి. ఆరు పెడితే 16 గళ్లలో అక్షరాలు చదవడానికి లేవు.

మాటల పూర్తి పాఠం బయటకు ఇవ్వడం లేదు. పాట కాపీరైట్ ఉన్నది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది, కానీ 180 బార్లు మొత్తం అచ్చువేయడం దాని కిందికి రాదని మా అభిప్రాయం. బయటకు ఇచ్చే ప్రతిలో నొక్కు గుర్తులు, నిశ్శబ్దాలు, ప్రాస ఉన్న గళ్లకు రంగు, తెలుగు సారాంశం, గమనికలు ఉంటాయి. పాట పెట్టుకుని చూస్తే మాట దానంతటదే గడిలో కూర్చుంటుంది.

బారుకు పట్టే సమయం మొదట 20 నిమిషాలు, ఇప్పుడు 6. మిగిలినవి సుమారు 116 బార్లు. చివరి సంభాషణ బీట్ గళ్లలో ఇమడదు కాబట్టి దాన్ని నాటక సంభాషణలా విడిగా రాస్తున్నాం. మెలీ మెల్ చివరి చరణానికి 1979 రికార్డు పాఠాన్ని కూడా దించి, రెండింటినీ ఒకే పేజీలో కింద పైన పెట్టాలి. టెంపోలు వేరు, అందుకని దానికి బీట్ నిడివి మళ్లీ మొదటి నుంచి కొలవాలి.